కంచి బల్లిని ముట్టుకున్నవాళ్ళు డార్విన్‌లో ఎవరైనా ఉన్నారా?

మా మావయ్యగారి కుడి కంటికి ఆపరేషన్ ఎలా జరిగిందో ఎవరో ఒకరు సరిగ్గా రాసిపెట్టాలి. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న ఈ డార్విన్‌లో తెలుగువాళ్ళం తక్కువే, అందుకని ఒక ఇంట్లో మాట రెండో ఇంటికి చేరేసరికి కొత్త చొక్కా తొడుక్కుంటుంది. ఈ ఒక్క సంగతికే నాకు తెలిసి మూడు కథలు తిరుగుతున్నాయి. ఒకదాంట్లో బల్లి సాంబారులో పడింది. ఇంకోదాంట్లో నేను బల్లిని సీసాలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మూడోది మా అమ్మాయి బడిలో చెప్పిన కథ. అందులో తాతయ్య కంటికి వైద్యం చేసింది బల్లే. మూడూ తప్పే. పైగా గ్రంథాలయంలో నేను చదివిన జ్ఞాపకాల పుస్తకాలన్నీ సముద్రాలు దాటినవాళ్ళవీ కొండలెక్కినవాళ్ళవీ. నెత్తిమీద బల్లులతో కాపురం చేసినవాళ్ళు రాసింది ఒక్కటీ దొరకలేదు. అందుకని నేనే కూర్చున్నాను.

మాది స్తంభాల మీద ఎత్తుగా కట్టిన పాత ఇల్లు. కిటికీలకి రెక్కలుండవు, ఒకదాని మీద ఒకటి వాలే అద్దపు పలకలుంటాయి. ఎంత గట్టిగా మూసినా వేలు దూరేంత సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి వస్తుంది, వాన తుంపర వస్తుంది, బల్లులు వస్తాయి. నేను గుర్తుపట్టగలిగినవి తొమ్మిది. వంటింటి ట్యూబులైటు వెనక ఉండేది లావుపాటిది, అక్కణ్ణించి కదలదు. హాల్లో గడియారం వెనక ఉండేదానికి తోక తెగి మళ్ళీ మొలిచింది, కొత్త తోక రంగు కలవలేదు. దేవుడి గూటి పక్కన ఉండేది హారతి ఇచ్చే వేళకి తప్పకుండా వస్తుంది, పురుగుల కోసమని నేనంటాను, కాదని అత్తయ్యగారంటారు. కుక్కనో పిల్లినో పెంచుకుందామని మా అమ్మాయి అడిగినప్పుడల్లా మా ఆయన కప్పుకేసి చూపించి, ఉన్నవాటిని ముందు సరిగ్గా చూసుకో అంటారు.

వీటివల్ల మా ఇంటికి కొన్ని అలవాట్లు వచ్చాయి. మూత లేని గిన్నె మా ఇంట్లో కనిపించదు. పాలకి మూత, మంచినీళ్ళ గ్లాసుకి మూత. అన్నం తింటూండగా ఫోను మోగితే కంచం మీద ఇంకో కంచం బోర్లించి మరీ లేస్తాం. చెప్పులు దులపకుండా వేసుకోం. గ్రంథాలయం పుస్తకాలకి నేను అట్టలు వేసేది అందంకోసం కాదు.

అన్నిటికంటే పెద్ద అలవాటు బల్ల తట్టడం. మాట్లాడుతూండగా బల్లి పలికితే ఆ మాట నిజమని మనవాళ్ళ నమ్మకం. వేలితో మూడుసార్లు తట్టి "సత్యం, సత్యం" అంటారు. మా అమ్మగారింట్లో ఉన్నప్పుడు అది ఎప్పుడోగాని వినిపించేది కాదు. డార్విన్ బల్లులు అలా కాదు. దీపాలు వెలిగించింది మొదలు నిమిషానికొకటి పలుకుతూనే ఉంటుంది. దాంతో మా ఇంట్లో అబద్ధమన్నదే లేకుండా పోయింది. మా ఆయన చెత్తడబ్బా వీధిలో పెట్టొచ్చానంటే బల్లి పలుకుతుంది. మా అమ్మాయి హోంవర్క్ అయిపోయిందంటే పలుకుతుంది. పెళ్ళినాటికి తాను నలభై కిలోలే ఉండేదాన్నని అత్తయ్యగారంటే రెండు బల్లులు పలుకుతాయి. మా అమ్మాయి ఒకసారి స్నేహితురాలింటికి భోజనానికి వెళ్ళి అక్కడ కూడా బల్ల తట్టి వచ్చింది. ఆ పిల్ల తల్లి నాకు ఫోన్ చేసి, మీ అమ్మాయికి ఏమైనా ఇబ్బందా అని ఎంతో మర్యాదగా అడిగింది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను ఇంటర్ తప్పినదాన్ని. డార్విన్ వచ్చిన మొదటి వానాకాలంలో ఉక్క భరించలేక, చల్లగా ఉంటుందని గ్రంథాలయంలోకి వెళ్ళాను. ఊరికే కూర్చుంటే బాగుండదని బొమ్మల పుస్తకం ఒకటి తెరిచాను. ఆ తెరవడం తెరవడమే. పిల్లల పుస్తకాలయ్యాక పక్షులు, పక్షులయ్యాక నక్షత్రాలు, ఆ తర్వాత చేతికి ఏది దొరికితే అది. ఆసుపత్రి వంటగదిలో రోగుల భోజనం ట్రేలు సర్దే పని నాది. రెండున్నరకి పని దిగి మూడింటికల్లా గ్రంథాలయంలో ఉంటాను. కార్డు మీద ఎన్ని ఇస్తారో అన్నీ తెచ్చుకుంటాను, గడువులోపల అన్నీ చదువుతాను. డిగ్రీ ఉన్నవాళ్ళ మధ్య కూర్చున్నా నాకిప్పుడు మాటకి కరువు లేదు. బల్లుల గురించీ చదివాను. మా ఇంట్లో ఇలా పలికే జాతి ఈ దేశానిది కాదు, ఆసియా నుంచి ఓడల్లో సరుకుల మధ్య వచ్చి స్థిరపడింది. ఆ మాట ఇంట్లో చెప్తే మావయ్యగారు, "వీటికి ఇక్కడ ఉండిపోవడానికి పీఆర్ వీసా ఎన్నాళ్ళకొచ్చిందో కనుక్కోలేకపోయావా?" అన్నారు.

మావయ్యగారు గోదావరి జిల్లాలో ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేశారు. ఎంత కోడిగెలికినట్టున్న చిరునామా అయినా చదివేవారట. అలాంటి మనిషికి ఇక్కడికి వచ్చేసిన రెండేళ్ళలో రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. కుడి కన్ను మరీను. పంచాంగంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయని, పొద్దున్నే కాఫీ తాగుతూ తిథీ వర్జ్యం నాచేత చదివించుకునేవారు. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్‌కి పేరు రాయించి ఏడాది దాటింది. చివరికి ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. గురువారం ఉదయం ఏడింటికి కుడి కంటికి. రాలేకపోతే ముందుగా ఫోన్ చెయ్యాలనీ, అప్పుడు పేరు మళ్ళీ వరుస చివరికి వెళ్తుందనీ కింద రాసుంది.

ఆ గురువారానికి ముందు ఆదివారం మధ్యాహ్నం ఆయన భోజనం చేసి హాల్లో పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు. బయట కుంభవృష్టి. గడియారం వెనక బల్లి ఏ పురుగును చూసిందో ఏమో కప్పు మీదకి పాకింది. అక్కడినుంచి సూటిగా ఆయన మూసిన కుడి కంటి మీద పడింది. పడి, ఒక్క క్షణం ఆగి, చెంప మీదుగా దిగి కుర్చీ కిందకి పోయింది. మేం నలుగురం అక్కడే ఉన్నాం. నలుగురం చూశాం.

ఆయన కేకలేమీ పెట్టలేదు. లేచి కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అమ్మాయ్, పంచాంగం తియ్యి" అన్నారు.

పంచాంగం చివరి పేజీల్లో బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏం ఫలమో పట్టిక ఉంటుంది. మగవాళ్ళకి వేరు, ఆడవాళ్ళకి వేరు. నేను తీసి పైనుంచి చదువుకుంటూ వచ్చాను. ముఖం, ధనలాభం. ఎడమ కన్ను, శుభం. అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చదవడమంటే ఉన్నదున్నట్టు చదవడమేనని నా పట్టుదల.

"కుడి కన్ను, అపజయం."

అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. "చదువొచ్చింది కదాని అన్నీ చదివెయ్యడమేనా? ఎడమ కంటిది చదివి ఊరుకోలేకపోయావా? ఆయనకెలాగూ కనపడదు గదా."

"కనపడదు గానీ వినపడుతుందే" అన్నారు మావయ్యగారు. తర్వాత నావైపు తిరిగి, చాలా నెమ్మదిగా అన్నారు. "ఆసుపత్రివాళ్ళకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పెయ్యమ్మా. కొయ్యబోయేది కుడి కన్ను. పడింది కుడి కంటిమీద. ఇంతకంటే వివరంగా ఎవడు చెప్తాడు?"

ఆ సాయంత్రం మా ఇల్లు కోర్టయింది. ముందుగా మా ఆయన వాదించారు. బల్లి పడింది కంటిమీద కాదు, కనుబొమ్మల మధ్య అన్నారు. దానికి పట్టికలో రాజానుగ్రహమని ఉంది. నా మొహమ్మీద ఎక్కడ పడిందో నాకు తెలీదా అని మావయ్యగారు కొట్టిపారేశారు. మా అమ్మాయి వెళ్ళి ఆయన కుర్చీ చేతిమీద కూర్చుని, "తాతయ్యా, ఇట్ జస్ట్ స్లిప్డ్" అంది. ఆయన దాని తల నిమిరారు తప్ప మాట మార్చలేదు. ఇంక నా వంతు. బల్లి కాలివేళ్ళ కింద కంటికి కనపడనంత సన్నటి వెంట్రుకలు లక్షలకొద్దీ ఉంటాయనీ, వాటివల్లే అద్దం మీదైనా తలకిందులుగా నడవగలదనీ, నేను చదివినదంతా బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "మరి అన్ని వెంట్రుకలుండి ఎందుకు పడిందమ్మా?" అని అడిగారు. "మామూలుగా పడనిది పడిందంటేనే కదా శకునం."

నా చదువు ఆయనకే సాక్ష్యం పలికింది. అయినా ఊరుకోక ఇంకో మాట అన్నాను. మనం భూమికి దక్షిణపు సగంలో ఉన్నాం, ఇక్కడ ఋతువులే తలకిందులు, కుడి ఎడమల ఫలాలు కూడా తారుమారు కావచ్చు కదా అన్నాను. అత్తయ్యగారు తల పట్టుకున్నారు. మావయ్యగారు మాత్రం కాసేపు నిజంగానే ఆలోచించి, ఆ సంగతి పంచాంగం రాసినాయనకి తెలియకపోయినా బల్లికి తెలిసే ఉంటుంది, అది ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది అని తేల్చారు.

సోమవారం పొద్దున్నే ఆయన తలంటు పోసుకున్నారు, నువ్వులనూనె దీపం పెట్టారు. మామూలు దోషానికి అది చాలు. దీనికి చాలదన్నారు. కంచి గుడిలో బంగారు బల్లి, వెండి బల్లి బొమ్మలుంటాయి. వాటిని తాకినవాళ్ళకి బల్లి పాటు దోషం అంటదు. తాకినవాళ్ళని తాకినా పోతుంది. చిన్నప్పుడు మా వీధిలో ఎవరైనా కంచి వెళ్ళొస్తే మేం పిల్లలందరం వరసకట్టి వాళ్ళ చెయ్యి ముట్టుకుని వచ్చేవాళ్ళం, కొందరైతే రెండుసార్లు నించునేవాళ్ళు. అత్తయ్యగారూ మావయ్యగారూ కూడా ఒకసారి కంచి వెళ్ళారు. వెళ్ళి బల్లిని ముట్టుకోకుండానే వచ్చారు. ఆయన ఇడ్లీ తిని వెళ్దామన్నారట, తినొచ్చేసరికి మధ్యాహ్నమైందని గుడి మూసేశారట, రైలు వేళైపోయిందట. ముప్పై ఏళ్ళుగా ఆ ఇడ్లీని అత్తయ్యగారు మర్చిపోలేదు. ఆ సోమవారం మరీ నాలుగుసార్లు గుర్తుచేశారు.

నేను పని నుంచి వచ్చాక మావయ్యగారు, ఫోన్ చేశావా అని అడిగారు. చేశాను, లైను కలవలేదు అన్నాను. నేను చెయ్యనే లేదు. ఆ మాట అంటూండగానే ట్యూబులైటు వెనక బల్లి పలికింది. ఆయన కుర్చీ చెయ్యి తట్టి "సత్యం" అన్నారు. ఏడాదికి పైగా ఎదురుచూసిన రోజు జారిపోతే మళ్ళీ ఎన్నాళ్ళో తెలీదు. ఈలోపు రెండో కన్ను కూడా మూసుకుపోతుంది. అప్పటికే ఆయన గోడ పట్టుకుని నడుస్తున్నారు. మనవరాలు గీసిన బొమ్మ చూపిస్తే బాగుందంటారు గానీ, కాగితం తలకిందులుగా ఉందని ఆయనకి తెలీదు. అపజయమని గట్టిగా చదివిన నోరు నాది. దానికి విరుగుడు కూడా నేనే వెతకాలనుకున్నాను.

డార్విన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో అప్పటికి నేను ఎప్పుడూ ఏమీ రాయలేదు. సోమవారం సాయంత్రం రాశాను: "కంచి బల్లిని ముట్టుకున్నవాళ్ళు డార్విన్‌లో ఎవరైనా ఉన్నారా? గురువారంలోగా అవసరం."

పదినిమిషాల్లో ఫోను వేడెక్కిపోయింది. కంచి పట్టుచీర ముట్టుకున్నాను, పనికొస్తుందా అని ఒకావిడ. బల్లి కాదుగానీ పార్కులో మొసలిపిల్లని ఎత్తుకున్నానని ఒకాయన. నవ్వు బొమ్మలు లెక్కలేనన్ని. నిజంగా ముట్టుకున్న పెద్దాయన ఒకరు దొరికారు గానీ ఆయన కేథరిన్ అనే ఊళ్ళో కొడుకు దగ్గరున్నారు. మూడువందల కిలోమీటర్లు, దారిలో వాగు రోడ్డెక్కింది. ఎవరి ద్వారా తెలిసిందో, సిడ్నీ హారిస్ పార్క్ నుంచి ఒకామె ఫోన్ చేసి, తాను ముట్టుకున్నాననీ, కావాలంటే వీడియోలో చెయ్యి చూపిస్తాననీ అన్నారు. మావయ్యగారు ఆ ప్రతిపాదన అత్తయ్యగారితో చర్చించి, అద్దం అడ్డం వస్తుంది కాబట్టి చెల్లదన్నారు. ఆసుపత్రి వంటగదిలో నా పక్కన పనిచేసే తమిళ ఆమెది కంచే. మంగళవారం పొద్దున్న ఆశగా అడిగాను. ఆ గుడికి నాలుగు వీధుల అవతలే పుట్టి పెరిగిందట, ఒక్కసారీ ముట్టుకోలేదట. సొంత ఊరు కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకున్నామంది.

విచిత్రం ఏమిటంటే ఫోన్ చేసిన ప్రతివాళ్ళతోనూ మావయ్యగారు స్వయంగా మాట్లాడారు. బల్లి గురించి రెండు ప్రశ్నలు, ఆ తర్వాత కన్ను గురించి పది. కేథరిన్ పెద్దాయనకి ఆపరేషన్ అయిందని తెలిసి అరగంట వదిలిపెట్టలేదు. నొప్పి పుట్టిందా, కట్టు ఎప్పుడు విప్పారు, మెలకువగానే ఉంచారా. పక్కగదిలో బట్టలు మడతపెడుతూ నేనవన్నీ విన్నాను. ఆయనకి పట్టుకున్నది బల్లి ఒక్కటే కాదని అప్పుడు కొంచెం అర్థమైంది.

మంగళవారం మధ్యాహ్నం నాకు విడిగా ఒక సందేశం వచ్చింది. డాక్టర్ ఆంటీ దగ్గర్నుంచి. ఆవిడ ఈ ఊళ్ళో మొదట స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఒకరు, పిల్లల డాక్టరుగా చేసి విరమించారు. మా అమ్మాయి చిన్నప్పుడు జ్వరానికి నేను దిష్టి తీస్తే, ముందు జ్వరం ఎంతుందో చూడు తర్వాత ఉప్పు తిప్పుదువుగాని అని నన్ను గట్టిగా కోప్పడ్డ మనిషి. ఆవిడకి కనపడుతుందన్న భయంతోనే గుంపులో రాయడానికి అంత ఆలోచించాను. సందేశంలో ఒకే వాక్యం ఉంది: "నేను ముట్టుకున్నాను, రేపు నాలుగింటికి వస్తాను."

బుధవారం సరిగ్గా నాలుగింటికి గొడుగు మూసి మెట్లెక్కారు. మావయ్యగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆంటీ కాఫీ తాగారు. ఆయన విచారణ మొదలుపెట్టారు.

"ఏ చేత్తో ముట్టుకున్నారండీ?"

"రెండు చేతులతోనూ. కొత్త కోడల్ని. మా అత్తగారు పక్కన నించుని, ఒక చేత్తో ముట్టుకుంటే ఒప్పుకోలేదు."

"ఎన్నాళ్ళవుతుంది?"

"నలభై ఏళ్ళు దాటింది."

మావయ్యగారు సందేహంలో పడ్డారు. డాక్టర్లు రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటారో ఆయనకి తెలుసు. ఆ సందేహాన్ని అత్తయ్యగారే బయటపెట్టారు. నలభై ఏళ్ళు సబ్బుతో తోమితే ఇంకా ఏం మిగులుతుందని.

"సబ్బుతో పోతే అది పుణ్యం కాదమ్మా, మురికి" అన్నారు ఆంటీ.

అత్తయ్యగారు నవ్వేశారు. మావయ్యగారు కూడా నవ్వి చెయ్యి చాచారు. ఆంటీ మాత్రం వెంటనే పట్టుకోలేదు. కుర్చీ దగ్గరగా జరుపుకుని, "బల్లి సంగతి నేను చూసుకుంటాను గానీ, అన్నయ్యగారూ, అసలు మీకు దేనికి భయం?" అని అడిగారు.

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, "కన్ను తెరిచే ఉంచుతారటగా. కత్తి వస్తూంటే కనపడుతుందా?" అన్నారు.

ఆ మాట విని అత్తయ్యగారు కొంగు సవరించుకుని ఆయన పక్కకి వచ్చి నించున్నారు. అన్ని రోజుల వాదనల్లో మాలో ఒక్కరం కూడా ఆయన్ని అడగని ప్రశ్న ఆంటీ అడిగారు. ఎన్ని పుస్తకాలు చదివితే ఏం, నాకు తోచలేదు.

ఆంటీ తన రెండు కళ్ళకీ ఆపరేషన్ అయిందని చెప్పారు. కత్తి కనపడదట. చుక్కల మందు వేస్తారు, కన్ను మొద్దుబారిపోతుంది. నీళ్ళ అడుగున పడుకుని పైన దీపం చూస్తున్నట్టుంటుంది, రంగులు కదులుతాయి, అంతే. పక్కన నర్సు చెయ్యి పట్టుకుంటుంది, దగ్గు వచ్చేటట్టుంటే ఆ చెయ్యి నొక్కాలి. గోరింటాకు పెట్టుకుని ఆరబెట్టుకునేంత సేపు కూడా పట్టదు. తనకి మాత్రం ముందురోజు అన్నం దిగలేదని కూడా చెప్పారు.

"డాక్టరుకి కూడా భయమేనా?" అన్నారు మావయ్యగారు. ఆయన గొంతులో ఎంత తేలికో.

"డాక్టర్లకే ఎక్కువండీ. మాకన్నీ తెలుసుగా."

అప్పుడు ఆవిడ తన రెండు చేతులతోనూ ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. తొందరపడి వదల్లేదు. తర్వాత అత్తయ్యగారు చెయ్యి చాచారు. మా అమ్మాయి "మీ టూ" అంటూ దూరింది. మా ఆయన అప్పుడే పని నుంచి వచ్చి, తడిసిన బూట్లతో గుమ్మంలోనే నిలబడి చెయ్యి అందించారు. ఆఖర్న నేనూ చాచాను. ఎందుకు చాచావని ఎవరైనా అడిగితే దానికి జవాబు నేనింకా ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆంటీ నా చెయ్యి పట్టుకుని కొంచెం గట్టిగా నొక్కారు.

గురువారం ఏడింటికి పది నిమిషాల ముందే ఆసుపత్రిలో ఉన్నాం. రావట్లేదని చెప్పడానికి నేను అసలు ఫోన్ చెయ్యనే లేదని దారిలో కారులో ఒప్పుకున్నాను. మావయ్యగారు, "తెలుసులేమ్మా. నువ్వు ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడితే వీధంతా వినపడుతుంది, ఆ రోజు వినపడలేదుగా" అన్నారు. లోపలికి తీసుకెళ్ళేముందు ఆయన పేరు, పుట్టినరోజు, ఏ కన్ను అని ముగ్గురు వచ్చి మూడుసార్లు అడిగారు. మూడోసారి ఆయన నాతో తెలుగులో, వీళ్ళు మా పోస్టాఫీసు రిజిస్ట్రీ గుమాస్తాల కంటే నయం అని వాళ్ళకి చెప్పమన్నారు. నేను చెప్పలేకపోయాను. పదకొండింటికల్లా కంటికి కట్టుతో బయటికొచ్చి టీ, బిస్కట్లు తింటున్నారు. ఆ ట్రే సర్దింది మా వంటగదే.

మర్నాడు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి కట్టు విప్పించుకుని ఇంటికొచ్చారు. మెట్లెక్కి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. ముందు గోడ చూసి, ఇది తెలుపా, ఇన్నాళ్ళూ మీగడ రంగనుకున్నానే అన్నారు. తర్వాత కప్పుకేసి చూసి, "ఎన్ని బూజులే అమ్మాయ్, పుస్తకాలు చదువుతూ కర్ర పట్టుకోవడం మానేశావా?" అన్నారు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము, సోఫా మూల చిరుగు, మా ఆయన గెడ్డంలో తెల్ల వెంట్రుకలు, అన్నీ ఒకటొకటిగా ప్రకటించారు. చివరికి అత్తయ్యగారి దగ్గర ఆగారు. ఎడమ కన్ను చేత్తో మూసుకుని, కుడి కంటితో దగ్గరగా చూశారు.

"నువ్వు ముసలిదానివైపోయావే" అన్నారు.

"మీరింకా అద్దం చూసుకోలేదు" అన్నారు అత్తయ్యగారు, కళ్ళు తుడుచుకుంటూ.

జరిగింది ఇంతే. బల్లి వైద్యం చెయ్యలేదు, సాంబారులో పడలేదు. మావయ్యగారి ఎడమ కన్ను వరుసలో ఉంది, ఉత్తరం రావాలి.

ఇంక పేరుపేరునా చెప్పుకోవాల్సిన కృతజ్ఞతలు. పేర్లు వెయ్యొద్దని అందరూ అన్నారు, అందుకని మా ఇంట్లో ఎవరిని ఎలా పిలుస్తామో అలాగే రాస్తున్నాను. నలభై ఏళ్ళనాటి పుణ్యాన్ని వానలో గొడుగేసుకుని తెచ్చిచ్చిన డాక్టర్ ఆంటీకి. అరగంట ఓపిగ్గా కన్ను కథ చెప్పిన కేథరిన్ పెద్దాయనకి. వీడియోలో చెయ్యి చూపిస్తానన్న హారిస్ పార్క్ ఆమెకి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ అందరి పేరా ముట్టుకొస్తానన్న కంచి ఆమెకి. గ్రంథాలయంలో కన్ను గురించిన పుస్తకాలన్నీ నాకోసం వెతికి బల్లమీద పేర్చిన అక్కడి ఉద్యోగి, కళ్ళజోడు ఆవిడకి. దగ్గితే నొక్కమని చెయ్యిచ్చిన నర్సమ్మకి. కనుబొమ్మల మధ్య పడిందని ఇప్పటికీ వాదిస్తున్న మా ఆయనకి. తాతయ్య కంట్లో గంటగంటకీ చుక్కలు వేసిన మా అమ్మాయికి. నేను రాస్తూండగా పోపు మాడినా ఏమీ అనని అత్తయ్యగారికి.

ఆఖర్న మావయ్యగారికి. ఈ కాగితాలన్నీ ఆయనే ఒక కన్ను మూసుకుని చదివి తప్పులు దిద్దారు. దిద్ది, అంతా బాగానే ఉంది గానీ నేను భయపడ్డానని రాశావు, అది కొంచెం తగ్గించమ్మా అన్నారు. కొంచెం తగ్గించాను.